ట్యునీసియాకు అయిదు రోజులు: మీ వారి జాబితాలో కొంత కోత

ప్రశ్న: మేము పారిస్ శివారులో ఉంటాం. అక్టోబరు చివర పిల్లల బడి సెలవుల్లో అయిదు రోజులు ట్యునీసియా వెళ్లాలని అనుకుంటున్నాం. నేను, మా వారు, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప, తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చిన మా అత్తయ్యగారు. ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా ముట్టరు. మా వారు ఇప్పటికే జాబితా రాసేశారు: ట్యూనిస్, కార్తేజ్, కైరువాన్, ఎల్ జెమ్, సూస్, మత్మాతా, సహారా. అత్తయ్యగారేమో రాళ్లూ రప్పలూ నాకెందుకు, బజారు చూపిస్తే చాలు అంటున్నారు. ఊళ్లో ఇరవై ఇళ్లకు ఏదో ఒకటి పట్టుకెళ్లాలట. నాకు బేరమాడటం రాదు, మోసపోతామేమోనని భయం. ఎవరి మాట వినాలి? ఏం చూడాలి, ఏం కొనాలి, ఏం తినాలి?
– ఒక పాఠకురాలు, పారిస్

సమాధానం: మీ అత్తగారి మాట వినండి. మొహమాటానికి చెప్పడం లేదు. ఆ దేశంలో చరిత్ర వేరే చోట, బజారు వేరే చోట లేవు. ట్యూనిస్ పాతబస్తీ నడుమ జైతూనా మసీదు ఉంది. దాని లోపలి స్తంభాలు చాలావరకు కార్తేజ్ శిథిలాల నుంచి మోసుకొచ్చి నిలబెట్టినవే. ఆ మసీదు గోడలను ఆనుకునే అంగళ్లు మొదలవుతాయి. బజారుకు వెళ్లినవాళ్లకు కార్తేజ్ సగం కనిపించినట్టే.

అయితే ఊళ్ల సంగతి తర్వాత. ముందు మీ అత్తగారి పాస్‌పోర్టు తీసి వీసా పేజీ చూడండి. ఎంట్రీల సంఖ్య దగ్గర ‘మల్ట్’ అని ఉంటే ఇబ్బంది లేదు. ‘01’ అని ఉంటే ఆవిడ ట్యునీసియా గడ్డ మీద కాలు పెట్టిన తర్వాత తిరిగి ఫ్రాన్సులోకి రాలేరు. ట్యునీసియా షెంగెన్ దేశం కాదు, అంటే ఫ్రాన్సు వీసా చెల్లే ఐరోపా దేశాల కూటమిలోది కాదు. పారిస్ నుంచి రెండున్నర గంటల ప్రయాణమే కావడంతో ఈ సంగతి చాలామందికి తట్టదు. పిల్లలవి భారతీయ పాస్‌పోర్టులైతే వాళ్లకు ప్రిఫెక్చర్ ఇచ్చే మైనర్ల రాకపోకల పత్రం ఉందో లేదో కూడా చూసుకోండి. అది చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు. ఇక ట్యునీసియా వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి, పారిస్‌లోని వాళ్ల కాన్సులేట్‌లో అయిదుగురి పాస్‌పోర్టులూ చూపించి అడిగాకే టికెట్లు కొనండి. మీ వారి జాబితాలో మొదటి వరుస ఇదీ కావాల్సింది.

ఇప్పుడు ఆ జాబితాకు వద్దాం. సహారా కొట్టేయండి, మత్మాతా కొట్టేయండి. ట్యూనిస్ నుంచి అక్కడికి రోడ్డు మీద 400 కిలోమీటర్లకు పైనే. రానూపోనూ రెండు పగళ్లు కారులో గడిస్తే, ఆరేళ్ల పాప గుర్తుపెట్టుకునేది ఒంటె కాదు, ఎక్కడ వాంతి చేసుకుందో అది. ఎడారికి పది రోజుల సెలవు దొరికిన ఏడు వెళ్లండి. సూస్ కూడా ఈసారికి వద్దు. కైరువాన్‌ను కొట్టేయడానికి మాత్రం నా చేయి వణుకుతోంది. 670లో వెలసిన ఊరు, అక్కడి పెద్ద మసీదు ముంగిలి ఒక్కసారి చూస్తే మరిచిపోలేం. కానీ అయిదు రోజుల్లో ఒక్క దూర ప్రయాణానికే చోటుంది. ఆ ఒక్కటీ మీ అబ్బాయి కోసం, రోమన్ల నాటి రంగశాల ఉన్న ఎల్ జెమ్‌కు ఇద్దాం. నాలుగు రాత్రులూ ట్యూనిస్‌లోనే ఒకే బసలో ఉండండి. పెట్టె సర్దడం, విప్పడం ఒక్కసారే అవుతుంది.

మంగళవారం దిగి శనివారం తిరిగి బయలుదేరేలా చూసుకోండి. కారణం ఉంది. సోమవారం మ్యూజియంలకు సెలవు. ఆదివారం పాతబస్తీలో చాలా కొట్లు మూసి ఉంటాయి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి బజారు పలచబడుతుంది. కాబట్టి బజారుకు బుధవారం, కార్తేజ్‌కు గురువారం, ఊరు దాటి ఎల్ జెమ్‌కు శుక్రవారం.

బస విషయంలో ఒక మాట. పాతబస్తీలో పాత ఇళ్లను బసలుగా మార్చారు. వాటిని ‘దార్’ అంటారు. నడుమ ముంగిలి, చుట్టూ గదులు, గోడలకు రంగు పలకలు. మన మండువా లోగిలిలో పెరిగినవాళ్లకు ఇట్టే నచ్చేస్తుంది. కానీ మెట్లు నిటారుగా ఉంటాయి, సందుల్లోకి కారు రాదు. కింది గది ఇస్తామని రాతపూర్వకంగా చెప్పించుకోండి. కస్బా చౌకు దగ్గరగా ఉన్నదే తీసుకోండి. పాతబస్తీ కస్బా వైపు ఎత్తు, సముద్ర ద్వారం అనే అర్థం వచ్చే బాబ్ బహర్ వైపు పల్లం. పొద్దున కస్బా దగ్గర మొదలుపెట్టి కిందికి నడుచుకుంటూ వచ్చి, బాబ్ బహర్ దగ్గర పసుపు టాక్సీ ఎక్కి మళ్లీ పైకి రావచ్చు. మీ అత్తగారి మోకాళ్లకు ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. టాక్సీ ఎక్కగానే మీటరు వేయమనండి. వేయనంటే దిగి ఇంకొకటి చూసుకోండి.

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు కస్బా దగ్గర నుంచి దిగండి. ఈ పాతబస్తీని 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వీధుల అమరిక వెనుక ఉన్న లెక్క తెలిస్తే నడక బాగుంటుంది. మసీదుకు దగ్గరగా ఉండే యోగ్యత ఇక్కడ వాసనను బట్టీ చప్పుడును బట్టీ వచ్చింది. అత్తర్లు, పుస్తకాలు, పట్టు బట్టలు మసీదు పక్కన. రంగు అద్దేవాళ్లు, తోళ్లు ఊనేవాళ్లు, కమ్మరులు ఊరి అంచున. మసీదును ఆనుకుని ఉన్న అత్తారీన్ వీధి 13వ శతాబ్దం నుంచీ అత్తరు వీధే. ఇప్పుడు అక్కడ సీసాలతో పాటు పెళ్లి సామగ్రి అమ్ముతారు: గోరింటాకు పొడి, సాంబ్రాణి, పెద్ద పెద్ద కొవ్వొత్తులు, పెళ్లికూతురికి పంపే అలంకరించిన బుట్టలు. మీ అత్తగారిని అక్కడి నుంచి కదిలించడానికి కొంచెం శ్రమపడాల్సి వస్తుందని ముందే చెబుతున్నాను.

పొద్దుటి పూట కొన్ని గంటలు ముస్లింలు కానివాళ్లను కూడా మసీదు ముంగిలి వరకు రానిస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పుకుని ఉంటే చాలు. మీ అత్తగారి చీర గురించి బెంగ పెట్టుకోకండి. అక్కడి ముసలమ్మలు కొందరు ఇప్పటికీ సఫ్సారీ అనే తెల్లటి పొడవాటి వస్త్రాన్ని తల మీదుగా చుట్టుకుని బజారుకు వస్తారు. పేరులో ‘సారీ’ ఉంది కానీ మన చీరకు చుట్టమని నేను చెప్పను. ఇద్దరు పెద్దావిడలు ఒకరి కట్టు ఒకరు ఎగాదిగా చూసుకుని నవ్వుకోవడం మాత్రం నేను చూశాను. మీ వారిని కొట్ల వాళ్లు ‘హిందీ’ అనీ, ‘షారుఖ్ ఖాన్’ అనీ పిలుస్తారు. పొంగిపోయి లోపలికి వెళ్లకుండా చూసుకోవాల్సింది మీరే.

నేను ఎక్కువసేపు కూర్చోమని చెప్పేది షాషియా వీధిలో. షాషియా అంటే ఎర్ర ఊలు టోపీ. 17వ శతాబ్దం మొదట్లో స్పెయిన్ నుంచి వెళ్లగొట్టిన అండలూసియా ముస్లింలు ఇక్కడికి తెచ్చిన వృత్తి ఇది. ఒకప్పుడు ట్యూనిస్‌లో అన్నింటికన్నా గౌరవమైన వ్యాపారం. ఇప్పుడు కొట్లు కొన్నే మిగిలాయి. మొదట ఆడవాళ్లు ఇళ్ల దగ్గర తెల్ల ఊలుతో టోపీ అల్లుతారు. అప్పుడది ఎంత వదులుగా ఉంటుందంటే, పాప తలకు పెడితే మెడ దాకా దిగుతుంది. దాన్ని సబ్బు వేసిన వేడినీళ్లలో నానబెట్టి తొక్కుతారు. ఊలు కుంచించుకుపోయి, అల్లిక గళ్లు కనిపించనంతగా గట్టిపడుతుంది. తర్వాత రంగు, ఆ తర్వాత అచ్చు. వీధిలో మీకు కనిపించేది చివరి ఘట్టం. కొట్టు గుమ్మంలో ఒకాయన ఎత్తు పీట మీద కూర్చుని, టోపీని మోకాలికి తొడిగి, ఎండిన ముళ్లకాయలు గుచ్చిన బ్రష్షుతో గీకుతుంటాడు. ముళ్లకాయ అంటే నిజంగా కాయే, ఒక మొక్కకు కాసేది. ఆ సన్నటి కొక్కేలు ఊలు పోగులను పైకి లేపుతాయి. గీకేకొద్దీ టోపీ పైన నూగు వస్తుంది. ఇనుప బ్రష్షు పెడితే ఊలు చిరుగుతుందట. ‘చర్, చర్’ అనే ఆ చప్పుడు, గాలిలో ఎర్రటి దుమ్ము, ఆయన వేళ్ల సందుల్లో దిగిపోయిన రంగు... ఆ గుమ్మం ఎదురుగా పాత కాఫీ కొట్టు ఉంది. అత్తగారిని అక్కడ కూర్చోబెట్టి, బాదం పలుకులో పైన్ గింజలో వేసిన పుదీనా టీ చెప్పండి. పిల్లలు అరగంట ఆ పనిని చూడనివ్వండి. తయారీ చూశాక టోపీ ధర అడిగితే అది ఎందుకంత ఉందో మీకే తెలుస్తుంది. తూకం లేదు, పగలదు, పెట్టెలో మడిచి పెట్టుకోవచ్చు.

అక్కడి నుంచి నాలుగడుగుల్లో బిర్కా చౌకు. ఇప్పుడు బంగారం అంగళ్లు మెరుస్తుంటాయి. ఒకప్పుడు అక్కడ మనుషులను నిలబెట్టి అమ్మేవారు. అది బానిసల బజారు. దాన్ని మూయించిన పాలకుడు అహ్మద్ బే, 1846లో బానిసత్వాన్నే రద్దు చేశాడు. మీ అబ్బాయికి చెప్పదగిన వయసే. పాపకు ఇంకొన్నాళ్లు ఆగవచ్చు.

ఇక బేరం. మీకు రాదన్నారు. మీకెందుకు రావాలి? తెనాలి బజారులో నాలుగు దశాబ్దాలు కూరగాయలు, చీరలు, స్టీలు సామాన్లు కొన్న మనిషి మీ పక్కనే ఉన్నారు. బేరం ఆవిడకు అప్పగించండి. ఫ్రెంచి బడిలో చదివే మీ అబ్బాయిని దుబాసీగా పెట్టండి. అక్కడ కొట్లలో ఫ్రెంచి వచ్చినవాళ్లే ఎక్కువ. నాయనమ్మ తెలుగులో ‘సగానికి ఇస్తాడేమో అడుగు’ అంటుంటే, మనవడు ఫ్రెంచిలో దాన్ని మర్యాదగా మార్చి చెబుతుంటే, కొట్టు ఆయనకు కూడా ఆ పూట కాలక్షేపం. ‘అస్లామా’ అని పలకరించడం, ‘యైషెక్’ అని ధన్యవాదం చెప్పడం పాపకు నేర్పండి. ఆ రెండు మాటలకు ధర కొంత దిగుతుంది.

ఆవిడకు మీరు చెప్పాల్సినవి రెండున్నాయి. ధర అడిగితే కొనాలని లేదు, కానీ మనం ఒక ధర చెప్పాక ఆయన సరేనంటే తీసుకోవాలి. అక్కడ దాన్ని మాట తప్పడం కిందే చూస్తారు. కాబట్టి వస్తువు నిజంగా కావాలనుకున్నాకే అంకె నోట్లోంచి రావాలి. రెండోది, దీనారులో వెయ్యి మిల్లీములు. చీటీ మీద ‘4,500’ అని ఉంటే అది నాలుగున్నర దీనార్లు, నాలుగు వేల అయిదు వందలు కాదు. మనకు వేల దగ్గర కామా పెట్టే అలవాటు కదా, మొదటిరోజు నాకు గుండె ఆగినంత పనైంది. బజారుకు వెళ్లే ముందే ప్రభుత్వ హస్తకళల దుకాణానికి వెళ్లి, బేరం లేని ధరలు ఒకసారి చూసి ఫోనులో రాసుకోండి. బజారులో అంతకు మించి ఎవరూ మీతో ఆడుకోలేరు.

మోసాల సంగతి అడిగారు. దొంగతనాల కన్నా ఎక్కువగా మిమ్మల్ని పట్టుకునేది మర్యాద. సందు మలుపులో ఒకతను కలుస్తాడు. ‘నన్ను గుర్తుపట్టలేదా, మీ హోటల్లో పనిచేస్తాను’ అంటాడు. లేదా ‘మా మేడ మీద నుంచి మసీదు మినారు బాగా కనిపిస్తుంది, డబ్బేమీ వద్దు’ అంటాడు. మేడ నిజమే, దృశ్యమూ నిజమే, చక్కటి రంగు పలకలు పరిచిన మేడ. దిగేటప్పుడు మెట్లు తివాచీల కొట్టులోకి దిగుతాయి. టీ వస్తుంది. తివాచీలు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. గంట తర్వాత లేచి రావడానికి మొహమాటం. నేను లేచి రాలేకపోయాను. ఆ తివాచీ ఇప్పటికీ మా బీరువా వెనుక చుట్ట చుట్టి ఉంది, గదిలో పరిచే చోటే లేదు. మేడ ఎక్కాలనిపిస్తే ఎక్కండి, టీ మాత్రం తాగకండి. నిజంగానే తివాచీ కొనాలనుకుంటే వెనుక వైపు హస్తకళల శాఖ వేసిన తనిఖీ ముద్ర చూసి కొనండి. శిథిలాల దగ్గర జేబులోంచి ‘రోమన్ నాణెం’ తీసి చూపించేవాళ్లు ఉంటారు. అది నకిలీ అయితే డబ్బు దండగ, అసలైతే దేశం దాటించడం నేరం. రెండు విధాలా వద్దు.

గురువారం కార్తేజ్. ముందే చెబుతున్నాను, హంపిని మనసులో పెట్టుకుని వెళితే నిరాశపడతారు. క్రీస్తుపూర్వం 146లో రోమన్లు ఆ నగరాన్ని నేలమట్టం చేశారు. ఉప్పు చల్లారనే మాట మాత్రం ప్రాచీనులెవరూ రాయలేదు, చాలా తర్వాత పుట్టిన కథ. ఇప్పుడు మిగిలినవి సంపన్నుల బంగళాల మధ్య ముక్కలు ముక్కలుగా ఉంటాయి. కథ తెలియకుండా చూస్తే మీ అత్తగారన్న రాళ్లూ రప్పలే. కాబట్టి ముందురోజు రాత్రి పిల్లలకు కథ చెప్పి పడుకోబెట్టండి. తూరు నగరం నుంచి పారిపోయి వచ్చిన ఎలిస్సా అనే రాణి, ఒక ఎద్దు చర్మం ఎంత మేర కప్పుతుందో అంత నేల ఇవ్వమని అక్కడి రాజును అడిగింది. ఇంతేనా అని ఆయన ఒప్పుకున్నాడు. ఆమె చర్మాన్ని సన్నటి తాడులా కోయించి కొండ మొత్తాన్ని చుట్టేసింది. మూడడుగుల నేల అడిగిన వామనుడి కథ తెలిసిన పిల్లలకు బలి చక్రవర్తి మొహం ఎలా మారిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ కొండే బిర్సా. పరంపరగా చెప్పే సంవత్సరం క్రీస్తుపూర్వం 814.

మీ అబ్బాయికి బిర్సా మీద ఇంకొకటి చూపించాలి. అక్కడో పాత చర్చి ఉంది, ఫ్రెంచివాళ్లు 19వ శతాబ్దం చివర కట్టింది. అది తొమ్మిదో లూయీ పేరున వెలసింది. పారిస్‌లో సెయింట్ షాపెల్ చర్చి కట్టించిన రాజు ఆయనే. బడిలో ఆయన పాఠం ఉండే ఉంటుంది. ఆయన కన్నుమూసింది ఇక్కడే, 1270లో ట్యూనిస్ మీదికి దండెత్తి వచ్చి, శిబిరంలో రోగం తగిలి. రోజూ తాము తిరిగే ఊరి రాజు ఈ కొండ దాపున పోయాడని తెలిస్తే, పిల్లవాడికి కార్తేజ్ పరాయిది కాదు. కార్తేజ్ సేనాని హన్నిబాల్ సంగతి ఎలాగూ వాడే మీకు చెబుతాడు: క్రీస్తుపూర్వం 218లో 37 ఏనుగులతో బయలుదేరి ఆల్ప్స్ దాటడం.

కార్తేజ్‌లో అన్నీ చూడవద్దు. ఒకే టికెట్టు మీద చాలా చోట్లకు వెళ్లవచ్చని ఆశ పుడుతుంది, లొంగకండి. సముద్రపు ఒడ్డున అంతొనినస్ స్నానశాలలు, పాత రేవు, బిర్సా చాలు. స్నానశాలల్లో ఇప్పుడు నడిచేది నేలమాళిగలో. పైన మిగిలిన గోడలు తక్కువ. ఒక స్తంభాన్ని తిరిగి నిలబెట్టారు. దాని కింద పాపను నిలబెట్టి తల పైకెత్తమనండి, కప్పు ఎంత ఎత్తులో ఉండేదో అప్పుడు తెలుస్తుంది. పాత రేవు చూడటానికి చెరువులా ఉంటుంది, మధ్యలో గుండ్రటి దిబ్బ. ఆ దిబ్బ చుట్టూ, ఒడ్డు చుట్టూ 220 యుద్ధనౌకలకు చోటుండేదని అప్పియన్ అనే ప్రాచీన చరిత్రకారుడు రాశాడు. ఇప్పుడు ఆ నీళ్లలో చిన్న పడవలు కట్టేసి ఉంటాయి. అత్తగారు గట్టు మీద కూర్చోవడానికి అనువైన చోటు.

ట్యూనిస్ నుంచి అక్కడికి టీజీఎం రైలు ఉంది. 1872లో వేసిన దారి. పెట్టెలు పాతవి, తలుపులు ఒక్కోసారి తెరిచే ఉంటాయి, పాప చేయి గట్టిగా పట్టుకోండి. వెళ్లేటప్పుడు రైల్లో, ఒక చోటి నుంచి ఇంకో చోటికి టాక్సీలో. అదే దారిలో సీదీ బూ సయీద్. తెల్ల గోడలు, నీలం తలుపులు, కొండ మీది ఊరు. ఆ రెండు రంగులు తప్ప మరొకటి వేయకూడదనే కట్టుబాటుకు 1915 నుంచి చట్టబలం ఉంది. దాని వెనుక పట్టుబట్టిన చిత్రకారుడు, సంగీత పరిశోధకుడు బ్యారన్ రొదోల్ఫ్ దెర్లాంజే. ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పుడు సంగీత మ్యూజియం. ఊరంతా ఫొటోల గుంపే. సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. అక్కడ పాపకు బంబలూనీ కొనిపెట్టాలి. పిండి ముద్దను అరచేతిలో సాగదీసి, వేలితో చిల్లు పెట్టి, నూనెలో జారవిడుస్తారు. కళ్ల ముందే ఉబ్బి తేలుతుంది. కడ్డీతో పైకి తీసి పంచదారలో దొర్లించి కాగితంలో పెట్టిస్తారు. చూడటానికి గారెకు అన్నయ్యలా ఉంటుంది. గుడ్డు కలవదు, మీ అత్తగారూ తినవచ్చు.

తిండి ప్రస్తావన వచ్చింది కాబట్టి అదీ తేల్చేద్దాం. శాకాహారికి అక్కడ శత్రువు మాంసం కాదు, ట్యూనా చేప. మాంసం వద్దంటే అర్థం చేసుకుంటారు. ట్యూనాను మాత్రం కొత్తిమీర చల్లినట్టు అన్నింటి మీదా చల్లుతారు. ‘మాంసం వద్దు’ అనడంతో సరిపెట్టకండి. ‘మాంసం వద్దు, చేప వద్దు, ట్యూనా వద్దు, గుడ్డు వద్దు’ అని నాలుగూ విడివిడిగా చెప్పండి. కుస్‌కుస్‌ను కూరగాయలతో చేశామన్నా, పులుసు మాంసంతో ఉడికి ఉండవచ్చు, అడిగి తినండి. సలాతా మష్వీయా అడగండి. మిరపకాయలు, టొమాటో, వెల్లుల్లి నిప్పుల మీద కాల్చి నూరిన పచ్చడి. మన కాల్చిన వంకాయ పచ్చడి తిన్న నాలుకకు పరిచయం అక్కర్లేదు. లబ్లాబీ అంటే ఉడికించిన శనగలు, జీలకర్ర, రొట్టె ముక్కలు. అందులోనూ గుడ్డు, ట్యూనా వద్దనాలి. బ్రిక్ అనే కరకరలాడే పొరలో గుడ్డు కొట్టి వేస్తారు, అది మీకూ పిల్లలకూ. కుండ పొయ్యి గోడకు అంటించి కాల్చే తబూనా రొట్టె, ఆలివ్ నూనె, హరిస్సా ముందు పెట్టుకుంటే మీ అత్తగారికి ఇంకేమీ అక్కర్లేదు.

హరిస్సా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎండుమిరపకాయలు నానబెట్టి, వెల్లుల్లి, ధనియాలు, ఉప్పు, సీమసోపు చేర్చి నూరి, ఆలివ్ నూనె పోసి నిలవ ఉంచుతారు. చింతపండు లేని కొరివికారం అనుకోండి. హోటల్లో కూర్చోగానే రొట్టెతో పాటు వచ్చేది అదే. 2022లో యునెస్కో దీన్నీ వారసత్వ జాబితాలో చేర్చింది. మిరపకాయ అక్కడిదీ కాదు, మనదీ కాదు. అమెరికా ఖండం నుంచి ఐరోపా ఓడల్లో వచ్చి, ఇటు గుంటూరు నేలలోనూ అటు ట్యునీసియాలోని నబూల్ నేలలోనూ పుట్టినింటి పిల్లలా పాతుకుపోయింది. తెనాలి మనిషి ట్యూనిస్‌లో కారం చాల్లేదని అనకపోవడం మీరు మొదటిసారి వింటారు.

శుక్రవారం డ్రైవరుతో కారు మాట్లాడుకుని పొద్దున ఏడింటికే ఎల్ జెమ్‌కు బయలుదేరండి. దాదాపు 200 కిలోమీటర్లు. దారి పొడవునా ఆలివ్ తోటలే. ఆ తోటలే అక్కడి కథ. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఆలివ్ నూనె డబ్బుతో పొంగిన ఒక ఊరు, గ్లాడియేటర్లనే యోధుల పోరాటాల కోసం 35,000 మంది పట్టే రంగశాల కట్టుకుంది. కొండ లేదు, ఆనుకోవడానికి ఏమీ లేదు, చదును నేల మీద రాయి మీద రాయి పేర్చారు. చిన్న ఊరి మొండి మేడల మధ్య అది అకస్మాత్తుగా లేస్తుంది. మీ అబ్బాయిని కింది సొరంగాల్లోకి పంపండి, మృగాలను ఉంచిన గదులు, వాటిని పైకి లాగిన గుంతలు ఉన్నాయి. పైకి మీరు, మీ వారు ఎక్కండి. అత్తగారికి కింది వరుసలో నీడ దొరుకుతుంది. గోడలో ఒకవైపు పెద్ద గండి కనిపిస్తుంది. 17వ శతాబ్దం చివర తిరుగుబాటుదారులు లోపల దాక్కోకుండా పాలకులు కూల్చిన భాగం. ఆ రాళ్లు ఊళ్లో ఇళ్లకు పునాదులయ్యాయి. కైరువాన్‌కు వెళ్లలేదన్న లోటు ఖర్జూరం కూరిన రవ్వ మిఠాయి మక్రూద్‌తో తీర్చుకోండి. ఆ ఊరి పేరున ట్యూనిస్‌లోనూ అమ్ముతారు.

శనివారం విమానం సాయంత్రమైతే పొద్దున బార్దో మ్యూజియం. రోమన్ మొజాయిక్ చిత్రాలు గదులు గదులుగా ఉన్నాయి. చేపలు పట్టేవాళ్లు, పంట కోసేవాళ్లు, కుందేలు వెంట కుక్కలు. రంగు రాతి ముక్కలతో వేసిన ఈ బొమ్మల్లో మీ అత్తగారు వడ్రంగం, వంట, వ్యవసాయం వెతుక్కుంటారు. కవి వర్జిల్ ఇద్దరు కళాదేవతల నడుమ కూర్చున్న చిత్రం అక్కడిదే. ఎలిస్సా కథను లోకమంతా పాకించింది ఆయన కావ్యమే, దైదో అన్న పేరుతో. మీ వారు ఇంటర్నెట్‌లో చూసి చెప్పకముందే నేనే చెబుతాను: 2015 మార్చిలో ఈ మ్యూజియం మీద ఉగ్రవాదుల దాడి జరిగింది, చాలామంది పర్యాటకులు చనిపోయారు. ఇప్పుడు ద్వారం దగ్గర తనిఖీ ఉంటుంది. సరిహద్దు ప్రాంతాలకు వెళ్లవద్దని ఫ్రెంచి విదేశాంగ శాఖ పటం చెబుతుంది, బయలుదేరే వారం ఒకసారి చూసుకోండి. మీరు తిరిగే చోట్లు ఆ సరిహద్దులకు దూరం. జేబుదొంగల విషయంలో పారిస్ మెట్రోలో ఉన్నంత జాగ్రత్త చాలు.

ఇక ఇరవై ఇళ్లు. అవి పాతబస్తీలో కాకుండా కొత్త ఊళ్లోని సెంట్రల్ మార్కెట్లో కొనండి. 19వ శతాబ్దం చివర కట్టిన కూరగాయల, చేపల బజారు. చేపల వైపు వెళ్లకుండా పక్క ద్వారం నుంచి రండి. అక్టోబరు చివర కొత్త ఖర్జూరాలు కొమ్మలతో సహా వేలాడుతుంటాయి. ‘దెగ్లెత్ నూర్’ రకం వెలుగుకు పట్టి చూస్తే లోపల గింజ కనిపిస్తుంది. అరకిలో పెట్టెలు పది చాలు, పది ఇళ్లకు ఇంటికొకటి. మిగిలిన పది ఇళ్లకు ఆలివ్ చెక్క గరిటెలు, ఉప్పు గిన్నెలు. దానిమ్మ మీ కోసం, అక్కడే తినడానికి. కుండలు నబూల్‌వి చాలా బాగుంటాయి కానీ తెనాలి దాకా పగలకుండా వెళ్లవు.

దీనార్లను దేశం బయటికి తీసుకుపోనివ్వరు. మార్చుకున్నప్పటి రసీదులు దాచి, మిగిలినవి విమానాశ్రయంలో తిరిగి యూరోలు చేసుకోండి. హరిస్సా డబ్బాలు మాత్రం పెద్ద పెట్టెలోనే పెట్టండి. ముద్దగా ఉన్నది కూడా వాళ్ల లెక్కలో ద్రవమే. ఒక విమానాశ్రయంలో నా చేతిసంచిలోంచి నాలుగు డబ్బాలు తీసి పక్కన పెట్టేశారు. నా వెనుక వరుసలో నిలబడిన ట్యునీసియా పెద్దాయన వాటి వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.